ఛాయాదేవి చేసిన శీషం పిల్లనగ్రోవి

సుబేదార్ జోగయ్య భార్య ఛాయాదేవి ఢిల్లీ వచ్చాక చెమటోడ్చి సాధించిన మొదటి విజయం ఏమిటంటే, మూరెడు శీషం కర్రలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా పక్కకు పోకుండా బెజ్జం తొలవడం. వినడానికి ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. వెదురైతే డొల్లగానే పుడుతుంది, కణుపులు పొడిచేస్తే సరిపోతుంది. శీషం అలా కాదు. ఇనుములాంటి చేవ. తొలిచే ములుకు కాస్త పట్టు తప్పిందంటే కర్ర పక్కటెముకలోంచి బయటికి తొంగి చూస్తుంది. అలా తొంగి చూసిన కర్రలు ఆ డిసెంబరులో జనక్‌పురిలోని ఆమె బాల్కనీ మూలన ఒక చిన్న మోపు అయ్యాయి.

పొగమంచు తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం, ఆమె రంపపు పొట్టు ఊది, కర్రను కంటికి ఆనించుకుని చూసింది. అవతలి కొసన ఎదురు మేడ మీది నల్ల నీళ్ళ ట్యాంకు గుండ్రంగా, బొట్టుబిళ్ళంత కనిపించింది.

"ఏవండీ! కనిపించిందండీ! ట్యాంకు కనిపించింది!"

జోగయ్య సగం గడ్డానికి సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. "ట్యాంకు రోజూ కనిపిస్తాది గదే. ఇవాళేటి కొత్తగా?"

"కర్రలోంచండీ బాబూ! ఇదిగో, మీరే చూడండి!"

ఆయన కర్రను వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. సైన్యం వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు తుపాకీ గొట్టాలు పరీక్ష చేసిన కన్ను అది. "ఓర్నాయనో, రైఫిల్ బ్యారెల్ లాగుందే!" అన్నాడు. జోగయ్య నోట అంతకు మించిన పొగడ్త రాదు. ఆ మాటకి ఆవిడ ముఖం ఎంత వెలిగిందో చెప్పలేం.

ఛాయాదేవి పుట్టింది వరాహ నది ఒడ్డున లక్కబొమ్మలు చేసే ఇంట్లో. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఆ ఊళ్ళో ఆ తరం ఆడపిల్లల్లో అదే పెద్ద చదువు. తెలుగు పద్యం రాగయుక్తంగా అప్పజెప్పడంలో ఆమెకి ఎదురుండేది కాదని, ఇన్‌స్పెక్టరుగారు వచ్చినప్పుడు మేష్టారు ఆమెనే లేపి నిలబెట్టేవారని ఇప్పటికీ ఆ ఊరివాళ్ళు చెప్తారు. పదేళ్ళకే లేత్ మిషను మీద అంకుడు కర్ర పెట్టి బొంగరం తీసింది. పెళ్ళయి జోగయ్య వెంట ఝాన్సీ వెళ్ళినప్పుడు పెట్టెలో పట్టుచీరలకంటే ఉలులే ఎక్కువ బరువున్నాయి. ఝాన్సీ క్వార్టర్సులో పిల్లలందరికీ గిలకలు చేసింది. జబల్‌పూర్‌లో సైనిక కుటుంబాల మేళాలో మొదటి బహుమతి కొట్టింది, పెద్దాఫీసరుగారి భార్య స్వయంగా వచ్చి చేయి కలిపింది. అంబాలాలో పంజాబీ ఆడవాళ్ళకి లక్క పెట్టడం నేర్పింది. నలభై దాటాక స్కూటీ నేర్చుకుంది. హిందీ చదవడం బస్సుల మీది బోర్డులు చూసి తనంతట తానే పట్టేసింది. కూతురు హరితను ఇంజనీరింగు చదివించి, ఉద్యోగంలో చేర్చి, గురుగ్రామ్‌లో కాపురం పెట్టించింది. ఇన్ని చేసిన మనిషి జనక్‌పురిలో రెండో అంతస్తు ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటుందా? జోగయ్య చేత పాత వాషింగ్ మిషను మోటారు విప్పించి బాల్కనీలో లేత్ బిగించింది. మేలో ఆంధీ, అదే దుమ్ముగాలి, వచ్చి పార్కులో కొమ్మలు విరిగిపడ్డప్పుడల్లా, తోటమాలితో మంచిగా మాట్లాడి, శీషం కొమ్మలు ఇంటికి తెచ్చుకునేది. వాటి రెండు కొసలకీ మైనం పూసి మంచం కింద నీడన ఆరబెట్టేది. కొసలు మూయకపోతే కర్ర ఢిల్లీ ఎండకి నోరు తెరుచుకుపోతుంది.

పిల్లనగ్రోవి సంగతి మొదలైంది కార్తీక వనభోజనాల్లో.

జనక్‌పురి తెలుగువాళ్ళంతా ఏటా ఒక ఆదివారం పార్కులో చేరతారు. ఉసిరి చెట్టు దొరక్కపోయినా ఉసిరి కొమ్మ ఒకటి తెచ్చి గుచ్చుకుంటారు. ఆ రోజు భోజనాలయ్యాక ఫణికుమార్‌ని వేణువు వాయించమన్నారు. ఫణికుమార్ కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, గుంటూరు మనిషి. వేణువు అతని ప్రాణం. పెదవికి ఆనించి పాట ఎత్తుకున్నాడో లేదో, గొంతు పట్టేసినట్టు గరగరమంది. తీసి చూసుకుంటే పొడుగునా వెంట్రుకవాసి పగులు.

"ఇది కూడా పోయింది," అన్నాడు నేలకేసి చూస్తూ. "మన వైపు నుంచి తెప్పించుకోవడం, ఇక్కడి గాలికి పగిలిపోవడం. జూన్‌లో వడగాలి, జనవరిలో హీటరు. ఇంక ఈ ఊళ్ళో వేణువు మానేయడమే మంచిదండీ."

ఆ మాట ఛాయాదేవికి నచ్చలేదు. పులిహోర విస్తరి పక్కన పెట్టి, "మానీడమేటి బాబూ? బాగా ఆరిన శీషం కర్రతో చేస్తే పగలదు. నాను చేసిస్తాను," అనేసింది.

అన్నపూర్ణేశ్వరి అక్కడే ఉంది. రిటైరైన పెద్ద ఆఫీసరుగారి భార్య, సంఘానికి కార్యదర్శి. మైకు కనిపిస్తే వదలదు, కనిపించకపోతే తెప్పిస్తుంది.

"ఏమండీ ఛాయగారూ, గిలకలు చేసినట్టా పిల్లనగ్రోవంటే?"

"గిలకా కర్రే, ఇదీ కర్రే గదండీ."

"సరే అయితే. ఉగాది ప్రోగ్రాంలో వేసేస్తున్నాను." అని అప్పటికప్పుడే మైకు అందుకుంది. "అందరూ వినండి! ఈ ఉగాదికి మన ఫణికుమార్‌గారు, సుబేదార్‌గారి మిసెస్ స్వయంగా తయారుచేసిన కొయ్య వేణువు మీద కచేరీ చేస్తారు! చప్పట్లు!"

చప్పట్లు మోగిపోయాయి. ఛాయాదేవి పిల్లనగ్రోవి చేయడం మాట అటుంచి, అంతవరకు చేత్తో పట్టుకుని కూడా చూడలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఏ కంటోన్మెంటులోనూ ఆమె ఇచ్చిన మాట తప్పిందని ఒక్కరు అనలేదు. ఇప్పుడు మాట మైకులో పడింది. ఉగాది నాటికి కర్ర పలకాలి, లేదంటే రెండొందల మంది ముందు తల వంచుకోవాలి.

ఇంటికి వస్తూ దారిలో జోగయ్య, "నమూనా ఉండాల గదే," అని మెట్రో స్టేషను దగ్గర బుడగలవాడి కర్రకి గుచ్చి ఉన్న పిల్లనగ్రోవి ఒకటి కొన్నాడు. మర్నాడు ఫణికుమార్ దాన్ని చూసి పకపకా నవ్వాడు.

"అంకుల్, ఇది ఇక్కడివాళ్ళ బాంసురీ. ఆరు బెజ్జాలు. మన సంగీతానికి ఎనిమిది కావాలి. ఇదిగో, నా పగిలినదే ఉంచుకోండి. కొలతలన్నీ దీని మీదే తీసుకోండి."

పగిలిన వెదురు వేణువును ఛాయాదేవి పాత పట్టు జాకెట్టు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది.

అసలు ఇబ్బంది ములుకుతో వచ్చింది. బజార్లో దొరికే డ్రిల్లు ములుకు జానెడు లోతు కూడా పోదు. ఇద్దరూ స్కూటీ మీద మాయాపురి పాత ఇనుము బజారుకి వెళ్ళారు. అక్కడ వెల్డింగు చేసే సర్దార్జీ చేత ములుకుకి పొడుగాటి ఉక్కు కడ్డీ అతికించారు.

"ఇత్‌నీ లంబీ? బందూక్ బనా రహీ హో క్యా, ఆంటీ?" అన్నాడతను కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, తుపాకీ ఏమైనా చేస్తున్నారా అన్నట్టు.

"బాంసురీ, భయ్యా, బాంసురీ!"

అతను పెద్దగా నవ్వి, వేడి కడ్డీని చల్లార్చి, నోటికి అడ్డంగా పట్టుకుని ఊదుతున్నట్టు నటించి చూపించాడు.

తెచ్చాక మొదట అందరూ చేసినట్టే చేసింది: కర్రను బిగించి, ములుకును తిప్పింది. ప్రతిసారీ ములుకు కర్ర నారను పట్టుకుని తన దారిన తాను పోయింది. మోపు పెరిగింది. ఆఖరికి ఒక పొద్దున పప్పు తిరగమోత పెడుతూ ఉండగా ఆమెకు తట్టింది. బొమ్మ చేసేటప్పుడు తిరిగేది కర్ర, ఉలి కదలకుండా ఉంటుంది. ఇక్కడ మాత్రం ములుకును ఎందుకు తిప్పుతున్నట్టు? పొయ్యి ఆపేసి బాల్కనీలోకి వెళ్ళి, కర్రను లేత్ మీద తిప్పుతూ, ములుకును కదలనీయకుండా పట్టుకుని కొద్దికొద్దిగా లోపలికి నెట్టింది. వేలెడు లోపలికి వెళ్ళగానే బయటికి లాగి పొట్టు దులపడం, మళ్ళీ నెట్టడం. సగం దాకా ఈ కొస నుంచి, మిగతా సగం ఆ కొస నుంచి. మధ్యలో రెండు బెజ్జాలూ కలిసినప్పుడు చేతికి తెలిసింది, ములుకు ఒక్కసారి తేలికపడింది. ఆ మధ్యాహ్నమే నీళ్ళ ట్యాంకు కనిపించింది!

ఆ తర్వాత పని ఆమెకు నీళ్ళు తాగినంత సులువు. కర్రను లేత్ మీద సన్నగా, నున్నగా తీసింది. చింతపండు రంగు చేవ మీద తేనె రంగు చారలు తేలాయి. రెండు కొసల్లో పసుపు కలిపిన లక్క పట్టీ వేసింది. ఊరి నుంచి తెచ్చి దాచుకున్న ఎండు మొగలి ఆకుతో మెరుగు పెట్టింది. వెదురు వేణువు పక్కన పెట్టి గుర్తులు గీసి, ఊదే బెజ్జం ఒకటి, వేళ్ళ బెజ్జాలు ఎనిమిది తొలిచింది. లోపల నువ్వుల నూనె పట్టించింది. మూసి ఉండాల్సిన కొసకి కర్ర బిరడా కొట్టింది. హరిత ఆదివారం వచ్చి చూసి, "మమ్మీ, ఇట్స్ గార్జియస్! షోరూమ్ మే రఖ్‌నే లాయక్!" అంది. షోరూములో పెట్టదగ్గదట. ఇంట్లో పండగ వచ్చినట్టయింది.

ఫణికుమార్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. చేతులు కడుక్కుని, వేణువును కళ్ళకద్దుకుని పెదవికి ఆనించి ఊదాడు.

"ఊష్ష్..."

మళ్ళీ ఊదాడు. పెదవి అటు జరిపాడు, ఇటు జరిపాడు. "ఊష్ష్ష్..." కుక్కరు విజిలు రాబోయే ముందు ఆవిరి పోయినట్టు గాలి పోయింది తప్ప నాదం పుట్టలేదు.

"కర్ర మందమైందేమోనండీ," అన్నాడు నొచ్చుకుంటూ. "గాలి వెళ్ళి అంచు మీద చీలాలి ఆంటీ. చీలితేనే పలుకుతుంది. ఇందులో జారిపోతోంది."

ఛాయాదేవి మందం తగ్గించి ఇంకోటి చేసింది. అదీ ఊష్‌మంది. బెజ్జం కాస్త పెద్దది చేసి మూడోది చేసింది. అందులో ఊష్ ఇంకా పెద్దదైంది. కింది వాటాలో అద్దెకుండే చాందిని ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటుంది. మెట్ల మీంచి తల పైకెత్తి, "ఆంటీజీ, ఫిర్ సే? మేరీ మీటింగ్ చల్ రహీ హై!" అని, మళ్ళీ మొదలుపెట్టారా అంటూ మొరపెట్టుకుంది. ఛాయాదేవి ఆమెకి గిన్నెడు పులిహోర ఇచ్చి శాంతపరిచింది గానీ తన మనసును ఏం పెట్టి శాంతపరచాలో తెలియలేదు.

మార్చి వచ్చేసింది. అన్నపూర్ణేశ్వరి ఫోను చేసింది.

"ఛాయగారూ, కార్డులు ప్రింటుకిస్తున్నాం. పేరు ఉంచమంటారా, తీసేయమంటారా? తీసేస్తే తప్పేం లేదు, ఆ టైములో సునందగారి అమ్మాయి డాన్సు పెట్టేస్తాం. అందరికీ అన్నీ రావాలని ఏముంది చెప్పండి."

"ఉంచండి," అంది ఛాయాదేవి.

"ఎందుకే ఈ పంతం?" అన్నాడు జోగయ్య మెల్లగా. "కుదరలేదని చెప్పీస్తే పోద్ది. ఎవురేటంటారు?"

"ఎవరూ ఏటీ అనరండీ. అదే నాకు అవమానం. దీనికి రాదులే అనుకుని ఊరుకుంటారు."

మంచం కింద మూడేళ్ళు ఆరిన కర్ర ఇంకొక్కటే మిగిలింది. మిగతావన్నీ పచ్చివి, కొయ్యగానే బీటలిస్తాయి. ఆ ఒక్క కర్రను చేత్తో ముట్టుకోవడానికే ఆమెకు భయమేసింది. అందుకని, పలకని మూడో వేణువును ముందు పెట్టుకుని, దాన్నే ఇంకాస్త బాగు చేయాలని కూర్చుంది. ఎప్పటిలాగే ఎండు మొగలి ఆకును సన్నగా చుట్టి ఊదే బెజ్జం చుట్టూ రుద్దడం మొదలుపెట్టింది. జోగయ్య టీ తాగుతూ చూస్తున్నాడు.

"ఆ కన్నాన్నేటే అలగ రుద్దుతావు? చంటిపిల్ల చప్పరిస్తాదా దాన్ని?"

ఛాయాదేవి చేయి ఆగిపోయింది.

వాళ్ళ నాన్న బొమ్మ పూర్తయ్యాక చివరన ఒక పని చేసేవాడు. బొమ్మను కళ్ళు మూసుకుని బుగ్గకి రాసుకునేవాడు. ఎక్కడైనా అంచు తగిలిందా, ఆ బొమ్మ మళ్ళీ లేత్ మీదికే. చంటిపిల్ల నోట్లో పెట్టుకునే వస్తువుకి అంచు ఉండకూడదు. ఆ ఇంటి పిల్లలకి అక్షరాలకన్నా ముందు అబ్బిన అలవాటు అది. ఛాయాదేవి చేయి యాభై ఏళ్ళుగా తొలిచిన ప్రతి బెజ్జానికీ, తీసిన ప్రతి కొసకీ, ఆమె చెప్పకుండానే, అంచు చంపేస్తోంది.

ఒక్క ఉదుటున లేచి దేవుడి గూట్లోంచి పగిలిన వెదురు వేణువు తీసింది. జాకెట్టు గుడ్డ విప్పి, ఊదే బెజ్జం మీద బొటనవేలు ఆనించింది. కత్తి నోరులా చురుక్కుమంది! తను చేసిన మూడింటి మీద ఆనించింది. ఒకదాని తర్వాత ఒకటి, మూడూ అరిగిన గచ్చులా నున్నగా ఉన్నాయి.

"ఏవండీ! నానే! నానే చంపీసానండీ! ఆ అబ్బాయి చెప్తూనే ఉన్నాడు గాలి చీలాలని. చీలడానికి అంచేది? నాను ఉంచితేగా!"

ఆమె ఏడుస్తుందేమోనని జోగయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఆమె నవ్వుతోంది. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది.

పాత మూడూ ఇంక పనికిరావు. అంచు మళ్ళీ కోస్తే బెజ్జం పెద్దదైపోతుంది, పెద్దదైన బెజ్జాన్ని చిన్నది చేసే విద్య ఎవరి దగ్గరా లేదు. మంచం కింది ఆఖరి కర్ర బయటికి వచ్చింది. ఆ పూట ఆమెకు భయం వేయలేదు. కర్ర తిప్పుతూ, ములుకు ఆపుతూ, అటు సగం ఇటు సగం తొలిచింది. పైన ఒళ్ళు నున్నగా తీసింది. లక్క పట్టీ వేసింది. ఊదే బెజ్జం వేసే ముందు మాత్రం భర్తను పిలిచింది.

"మీరిక్కడ నిలబడండి. బెజ్జం పడ్డమే ఆలస్యం, నా చేతిలోంచి లాక్కోండి. నానడిగినా ఇవ్వొద్దు. నా చేతులు నా మాట వినవు."

"సెంట్రీ డ్యూటీయా?" అన్నాడు జోగయ్య నిటారుగా నిలబడి. "ఎప్పుడో రిటైరైనోణ్ణి, మళ్ళీ డ్యూటీలో ఎట్టీసావే!"

సన్న ములుకుతో బెజ్జం తొలిచి, పదునైన చాకుతో గుండ్రంగా కోసింది. చాకు తీయగానే ఆమె కుడిచేయి తనంతట తానే మొగలి ఆకు వైపు పోయింది. జోగయ్య గబుక్కున వేణువు లాగేసుకున్నాడు.

"ఇటియ్యండి, ఒక్క పిసరు..."

"హాల్ట్!"

"కొంచెం గరుగ్గా ఉందండీ, ఒక్కసారి..."

"ఆర్డరంటే ఆర్డరే. చెయ్యి దించు."

ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని కూర్చుంది. వేళ్ళ బెజ్జాల సంగతి తర్వాత చూడొచ్చని, బిరడా కొట్టించి, "మీరే ఊదండి ముందు," అంది. జోగయ్య జన్మలో బిగిల్ తప్ప ఏమీ ఊదలేదు. బుగ్గలు పూరించి ఊదితే ఏమీ రాలేదు. ఛాయాదేవి దగ్గరికి జరిగింది. ఇంకాస్త మెల్లగా, వేడి టీ ఊదినట్టు ఊదమంది. ఆయన అలాగే ఊదాడు.

పలికింది!

పొడుగ్గా, నిండుగా, మామిడి పండు రసంలా చిక్కగా ఒక్క స్వరం బాల్కనీ దాటి వీధిలోకి పోయింది. కింద కూరగాయల బండివాడు తలెత్తి చూశాడు. జోగయ్య తన నోటి నుంచి వచ్చిందని నమ్మలేక వేణువును దూరంగా పట్టుకుని చూశాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు. చాందిని చెవుల్లో మీటింగు తీగలతోనే పైకి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీజీ! యే ఆప్‌కీ వాలీ థీ? ఫిర్ సే, ఫిర్ సే బజాయియే!"

"ఇప్పుడు ఫిర్ సే అంటోంది చూడండి!" అని ఛాయాదేవి ఆమెను కావలించుకుంది.

ఫణికుమార్ సాయంత్రానికి వచ్చాడు. ఫోనులో తంబురా పెట్టి, ఒక్కొక్క వేలి బెజ్జమూ తానే పక్కన కూర్చుని విని సరిచూసుకున్నాడు. స్వరం తక్కువైతే బెజ్జం ఒక్క చిటికె విప్పడం, ఊదడం, మళ్ళీ విప్పడం. ఎక్కువ విప్పితే వెనక్కి రాదు గనుక ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని చేశారు. వేళ్ళ బెజ్జాలకి మాత్రం ఆమెను కొంచెం నున్నగా రుద్దుకోనిచ్చాడు. "అక్కడ వేళ్ళు ఆడాలి గదా, మీ చేతి వాటం అక్కడ పనికొస్తుంది ఆంటీ," అన్నాడు. ఆమె కరువుతీరా రుద్దుకుంది.

ఉగాది తర్వాతి ఆదివారం కమ్యూనిటీ హాలు కిటకిటలాడిపోయింది. కాగితపు గ్లాసుల్లో ఉగాది పచ్చడి, బయట సమోసాల ఘుమఘుమ, లోపల పిల్లల కేకలు. ఛాయాదేవి గంధం రంగు పట్టుచీర కట్టుకుని రెండో వరసలో కూర్చుంది. ఫణికుమార్ వేదిక ఎక్కబోతూ ఆమె దగ్గర ఆగాడు. అతని భుజాన గుడ్డ సంచి. అందులోంచి తెల్ల ప్లాస్టిక్ వేణువు కొస కనిపించింది. కొయ్యది మొరాయిస్తే అక్కరకొస్తుందని కాబోలు తెచ్చుకున్నాడు. ఛాయాదేవి చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది.

"ఈ సంచి మీ దగ్గర ఉంచండి ఆంటీ," అని ఆమె ఒళ్ళో పెట్టి, శీషం వేణువు ఒక్కటే పట్టుకుని వేదిక ఎక్కేశాడు.

అన్నపూర్ణేశ్వరి మైకులో ఏదో చెప్పింది, గోలలో సగం వినపడలేదు. వెనక పిల్లలు కుర్చీలు లాగుతున్నారు. ఫణికుమార్ కళ్ళు మూసుకుని మొదటి స్వరం ఎత్తాడు.

వెదురులో ఉండే గాలి రొద ఇందులో లేదు. నిండు బిందెలోంచి నీళ్ళు ఒంపినట్టు వచ్చింది మోహన రాగం. కింది స్వరాలు హాలు గచ్చు మీద పాకాయి, పై స్వరాలు ఫ్యాన్ల మీదికి ఎగిరాయి. కుర్చీల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. సమోసాల దగ్గరి జనం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఛాయాదేవికి రాగం సగమే వినిపించింది. మిగతా సగం మనసు ఆ ఊదే బెజ్జం అంచు మీదే ఉంది. నిలుస్తుందా, చెమటకి మెత్తబడుతుందా, కర్ర వేడెక్కి బీటలిస్తుందా? ద్రుతం అందుకుని వేళ్ళు పరుగులు పెట్టినప్పుడు ఆమె గోళ్ళు జోగయ్య ముంజేతిలో దిగాయి. మృదంగం ఆఖరి దెబ్బ పడింది. హాలంతా లేచి నిలబడింది!

ఫణికుమార్ వేణువును తల మీదికెత్తి పట్టుకుని, "ఇది చేసిన చేతులు అక్కడున్నాయి, వాటికి కొట్టండి!" అని అరిచాడు. ఛాయాదేవి సంచి పట్టుకుని కూర్చునే ఉంది. జోగయ్య లేపాడు. హరిత వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. అన్నపూర్ణేశ్వరి వేదిక దిగి వచ్చి ఆమె రెండు చేతులూ తిప్పి చూసింది.

"ఏమండీ, నేను డాన్సుకి సీడీ కూడా సిద్ధంగా పెట్టుకున్నానండీ!"

"మంచి పని చేసారు. ఇప్పుడెట్టండి, చూస్తాం," అంది ఛాయాదేవి. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అన్నపూర్ణేశ్వరి కూడా నవ్వక తప్పలేదు.

ఆ జనంలోంచే ఉమ అనే ఆవిడ దారి చేసుకుని వచ్చింది. భర్త సైన్యంలో ఉన్నాడు, ఆవిడ డెహ్రాడూన్ దగ్గర చేతిపనులు నేర్పే ఒక బళ్ళో పని చేస్తుంది, అన్నగారింటికి పండక్కి వచ్చింది. ఆ కొండల్లో శీషం విస్తారంగా ఉందని, కుర్రాళ్ళు గరిటెలు, పీటలు చేయడంతోనే ఆగిపోతున్నారని చెప్పి, "ఒక్క నెల మా దగ్గరకొచ్చి పిల్లనగ్రోవి నేర్పుతారా అమ్మా?" అంది.

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. ఏడో తరగతి."

"ఇంగ్లీషు ఎవరికి కావాలండీ! హిందీ వచ్చుగా?"

"ఎందుకు రాదూ!" అన్నాడు జోగయ్య మధ్యలో దూరి. "జబల్‌పూర్‌లో ఫస్టు ప్రైజు!"

వానలు వెనకపట్టాక సెప్టెంబరులో ఛాయాదేవి బయల్దేరింది. ఉలుల పెట్టె, మాయాపురి ములుకు, మొగలి ఆకుల కట్ట వెంట తీసుకెళ్ళింది. భర్త బదిలీల వెంట తప్ప ఒంటరిగా ఎప్పుడూ ఊరు దాటని మనిషి, అరవై దాటాక తన పని మీద తాను బస్సెక్కింది. కశ్మీరీ గేట్ బస్టాండులో జోగయ్య కిటికీ దగ్గర నిలబడి మందులు, మఫ్లరు, ఛార్జరు అన్నీ మరోసారి గుర్తు చేస్తుంటే, "నాను లేనప్పుడు ఇంట్లో బెజ్జాలేవీ ముట్టుకోకండి," అని ఆయన్నే హెచ్చరించింది.

వెళ్ళిన వారానికి వీడియోలో కనిపించింది. చుట్టూ పదిహేనుమంది కొండ పిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి కొత్తగా తొలిచిన కర్రను కంటికి ఆనించుకుని ఎగిరి గంతులేస్తోంది. వెనక ఛాయాదేవి, ఆ అమ్మాయికంటే ఎత్తుకి ఎగురుతూ, "దిఖా? దిఖా?" అంటూ, కనిపించిందా అని అరుస్తోంది. జోగయ్య ఆ వీడియోను జనక్‌పురి గ్రూపులో పెట్టాడు, అంబాలావాళ్ళకి పంపాడు, ఝాన్సీవాళ్ళకి పంపాడు, మాయాపురి సర్దార్జీకి వెళ్ళి చూపించి వచ్చాడు. ఫణికుమార్ కూడా రోజూ అడుగుతున్నాడు. అతని గురువుగారికి ఒకటి, తోటి విద్వాంసులకి రెండు కావాలట, కర్రలు మంచం కింద ఆరుతున్నాయి. బడివాళ్ళు ఇంకో పదిరోజులు ఉండమని బతిమాలితే, దసరాకి ఇంట్లో ఉండాలని, అంతకు ముందే వచ్చేస్తానని ఛాయాదేవి ఖచ్చితంగా చెప్పింది. బస్సు టిక్కెట్టు కూడా తీసేశారు. ఆమె జనక్‌పురి చేరేది అక్టోబరు పన్నెండో తేదీ, సోమవారం.